ఒక మాటకొక గింజ

మా వదినకు మాట నేర్పడానికి ఒక అమ్మాయి వస్తోంది. రోజు విడిచి రోజు, బహదూర్‌పురాలోని మా అన్నవాళ్ళ ఫ్లాటుకి, భుజాన ఒక సంచీ, చేతిలో పలకంత ఫోను పట్టుకుని వస్తుంది. అరవై దాటిన మనిషికి, అందులోనూ జీవితమంతా ఒక పెద్ద ఆసుపత్రి ఎంక్వైరీ బల్ల దగ్గర కూర్చుని ఫోన్లలో మాట్లాడిన మనిషికి, ఇప్పుడు మాట నేర్పడమేమిటని అడుగుతారేమో. పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, ఈ మూడూ కూడబలుక్కుని ఒకే తెల్లవారుజామున సమ్మెకు దిగాయి. కాలు కొంత దారికొచ్చింది. చెయ్యి ఇంకా ఆలోచిస్తోంది. మాట మాత్రం ఎవరు బతిమాలినా రానంటోంది. లోపల అన్నీ భద్రంగానే ఉన్నాయట, బయటికొచ్చే దారే దొరకడం లేదట. త్వరగా మొదలైతే వస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం అని డాక్టరు చెప్పాడట. ఈ రెండో సగాన్ని మా అన్న నాకు మెట్ల మీదే ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు.

నేను లోపలికి వెళ్ళేసరికి ఆ అమ్మాయి వదిన ముందు కూర్చుని తెర మీద బొమ్మలు చూపిస్తోంది. ఒక కప్పు బొమ్మ వచ్చింది. ఇదేంటమ్మా అని అడిగింది. వదిన బొమ్మను చూసింది, అమ్మాయిని చూసింది, తర్వాత కిటికీని చూసింది. నా నోరు ఊరుకోదు కదా. చాయ్ కప్పు, జిందగీలో ఎన్ని తాగిందో మా వదినకు గుర్తులేదా ఏంది అన్నాను. కూతురి వయసు పిల్ల, నా వైపు తిరిగి చాలా మర్యాదగా నన్ను నోరు మూసుకోమంది.

"ఆంటీ, మీరు చెప్పొద్దు. వినండి, చాలు."

"ఏం వినాలె బిడ్డా? ఆమె ఏమంటలేదు గదా."

"అననప్పుడే వినాలి ఆంటీ. మనం ఆగితేనే వాళ్ళు మొదలుపెడతారు."

ఆ మాట నేను ఇదివరకే విన్నాను. సగం ఉర్దూలో, సగం తెలుగులో, ఒక పుల్లటి వాసన నిండిన మేడగదిలో. ఇంటికి తిరిగివస్తుంటే చార్మినార్ దగ్గరి రద్దీలో ఆటో ఇరుక్కుపోయింది. ముందున్న బండివాడు హారన్ మీద చెయ్యి పెట్టి మర్చిపోయాడు. నాకు ఆ హారన్ వినిపించలేదు. ఖాళీ స్టీలు డబ్బా మూతలో చింతగింజ పడే చప్పుడు వినిపించింది. టిక్. కొంచెం ఆగి మళ్ళీ టిక్.

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషను వెనక సందులో ఉండేది. ఇంట్లో గడియారం ఒకటి ఉండేది కానీ దాన్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, రైళ్ళను నమ్మేవాళ్ళం. పొద్దున మొదటి బండి కూతకి పొయ్యి వెలిగేది, మధ్యాహ్నం బండికి అన్నం వడ్డించేవాళ్ళు, బండి ఆలస్యమైన రోజు మా ఆకలి కూడా ఆలస్యంగానే వేసేది. బాపుకు అఫ్జల్‌గంజ్‌లో చింతపండు హోల్‌సేల్ దుకాణం. చలి వెనక్కి తగ్గి ఎండ కాస్త నిక్కేసరికి కొత్తపండు బస్తాలు దిగేవి. మామూలు పండుని దుకాణం వెనకే కూలీలు కొట్టి గింజ తీసేవాళ్ళు. దుకాణానికి పేరు తెచ్చే మంచి పండు మాత్రం ఇంటికి వచ్చేది. దాన్ని కొట్టకూడదు, చేత్తో విప్పాలి. ఈనె లాగి, బొటనవేలి గోటితో పండుని చీల్చి, అది చిరగకుండా గింజను బయటికి నెట్టాలి. మా ఇంటి ఆడవాళ్ళ గోళ్ళు ఆ నాలుగు నెలలూ నల్లగా ఉండేవి. వాసన సంగతి చెప్పనక్కర్లేదు. దుప్పట్లు పుల్లగా, జడలు పుల్లగా, వర్షం పడ్డ రోజు గోడలు కూడా పుల్లగా ఉండేవి. ఆ ఇంట్లో పాలు విరక్కుండా ఎలా నిలబడ్డాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ పుల్లటి రాజ్యానికి రాణి మా నాయినమ్మ. మధ్యగదిలో స్తంభానికి వీపు ఆనించి పీట మీద కూర్చునేది. బుగ్గలో ఎప్పుడూ వేయించిన చింతగింజ ఒకటి ఉండేది. దాన్ని కొరికేది కాదు, పొద్దంతా చప్పరిస్తూ ఉండేది. ఏదైనా పెద్ద మాట అనాల్సి వస్తే ఆ గింజను కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకు మార్చేది. పళ్ళకు తగిలి చిన్న చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినగానే ఇంట్లో గిన్నెలు కూడా మోగడం మానేసేవి, తీర్పు వస్తోందని.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మకు నడుము పట్టేసి ఇంటికి ఒక జత చేతులు కావాల్సివచ్చాయి. బడికేమో నా నోరు అక్కర్లేకపోయింది. ఇద్దరి అవసరాలూ బాగానే కలిశాయి. చేతులు పండు విప్పుతుంటే నోరు దాని పని అది చేసుకుపోయేది. సందులో ఎవరి మేక ఎవరి గోడ దూకింది, పాలాయన నడక ఎట్లా ఉంటుంది, కొత్త అల్లుడు చాయ్ ఎట్లా జుర్రాడు, అన్నీ గొంతులు మార్చి వినిపించేదాన్ని. నాయినమ్మ నన్ను రేడియో అని పిలిచేది. అన్నం తినేటప్పుడు మాత్రం రేడియో బంద్.

అన్న పెళ్ళయ్యాక ఆ గదిలోకి సుగుణ వదిన వచ్చింది. ఆమె బహదూర్‌పురా పిల్ల, డిగ్రీ చదివింది. పీటల వరసలో నా పక్కన కూర్చుని, నేనేమన్నా నవ్వేది, నవ్వి ఊరుకునేది. ఇంగ్లీషు పుస్తకం ఇస్తే గడగడా చదివేది, పుస్తకం మూయగానే నోరు కూడా మూతపడేది. ఒకరోజు ఆమె స్నేహితురాలు, నర్సు, ఒక కబురు తెచ్చింది. వాళ్ళ ఆసుపత్రి ఎంక్వైరీలో ఫోన్లు తీసే ఆమె వానలు మొదలవగానే మానేస్తోందట, ఆ చోట కూర్చోడానికి ఇంగ్లీషులో ఫోను మాట్లాడగలిగే మనిషి కావాలట, వానలు పడ్డాక పరీక్ష పెడతారట. ఆ ఉద్యోగం కావాలనీ, ఈలోపు క్లాసుకు పోయి ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకుంటాననీ వదిన అన్నకు చెప్పింది. అన్న బాపుకు చెప్పాడు, బాపు నాయినమ్మకు చెప్పాడు. అప్పుడు వదిన తలుపు వెనక నిలబడి ఉంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. తలుపు చట్రాన్ని గోటితో గీరుతోంది, పండులోంచి గింజ తీసినట్టే. అంతగా ఏదైనా కావాలనుకున్న మనిషిని అంత దగ్గర నుంచి నేను అదివరకు చూడలేదు.

నాయినమ్మ గింజను బుగ్గ మార్చింది.

"పొమ్మను. ఎవలొద్దన్నరు? కొత్తపండు అయిపోయేదాంక టైమిస్తున్న. అప్పటిదాంక నౌకరి దొరికిందా, మంచిదే. దొరకలేదా, ఇగ ఆ మాట ఈ ఇంట్ల ఎత్తద్దు."

తర్వాత కాస్త ఆగి, ఇంకో రెండు షరతులు చేర్చింది. ఒకటి, ఒక్కతే పోకూడదు, రేడియోను వెంట తీసుకుపోవాలి. రెండు, మా ఇద్దరి వంతు పండు ఆగకూడదు, సంచీలో వేసుకుని పోవాలి. ఏటా కొత్తపండు విప్పడం తొలి వానల దాకా సాగేది కాబట్టి ఆ గడువులో తిరకాసు ఉందని మాకెవరికీ తోచలేదు.

ఖుర్షీద్ మేడమ్ ఇంగ్లీషు క్లాసు బాపు దుకాణానికి ఒక సందు వెనక, గడియారాలు బాగుచేసే దుకాణం పైన ఉండేది. మధ్యాహ్నం బస్సులో వెళ్ళి, సాయంత్రం దుకాణం కట్టేశాక బాపుతో కలిసి వచ్చేవాళ్ళం. ఆ మెట్లెక్కుతుంటే కింద గోడ నిండా గడియారాలు, ఒకటి నాలుగంటే ఇంకొకటి తొమ్మిదనేది. ఏ గంట పడితే ఆ గంట కొట్టేవి. పైన పొడుగాటి గది, చెక్క కిటికీలు, వాటి సందుల్లోంచి చారలు చారలుగా పడే ఎండ, ఆ ఎండలో తేలుతున్న దుమ్ము. కింద జంపఖానా పరిచి ఉండేది. కుర్చీ ఒక్కటే, అది మేడమ్‌ది. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఏళ్ళ తరబడి చెవులకు హెడ్‌ఫోన్ బిళ్ళలు తగిలించుకున్న అలవాటుతో, ఇప్పుడవి లేకపోయినా, ఎవరైనా మాట్లాడుతుంటే రెండు వేళ్ళు చెవి మీద ఆనించి వినేది.

ఆమె పద్ధతి ఒక్కటే. ఇద్దరిద్దరిని జంపఖానా మీద వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టేది. మొహాలు కనిపించకూడదు. "టెలిఫోన్ కు ఆంఖా నై రహతే, బేటీ," అనేది. ఫోనుకు కళ్ళుండవు, చెవులతోనే మనిషిని చూడాలి. ఒకరు ఆ పొద్దు తాము చేసిన పనులన్నీ ఇంగ్లీషులో చెప్పాలి, ఇంకొకరు వినాలి. అంతే చదువు. నేను తోడు వచ్చినదాన్ననీ, మూల కూర్చుంటాననీ అన్నాను. ఖాళీగా కూర్చోవడం ఆ గదిలో కుదరదంది. నాకు ఇంగ్లీషు రాదు మేడమ్ అంటే, ఇంకా మంచిది, వినడానికి నీకంటే బాగా ఎవరు దొరుకుతారు అంది. వినేవాళ్ళకు కావలసిన రెండే రెండు ఇంగ్లీషు మాటలు నాకు నేర్పింది. అండ్ దెన్. తర్వాత ఏమైంది అని. నా జీవితంలో నేను పూర్తిగా నేర్చుకున్న ఇంగ్లీషు అదే. ఇప్పటికీ దానికి మించి పెద్దగా అవసరపడలేదు.

మొదటి రోజులు వదిన వీపు గోడలాగా ఉండేది. నోరు తెరిచేలోపు వెన్నెముక బిగుసుకోవడం నా వీపుకు తెలిసేది. ఆ నిశ్శబ్దం నా వల్ల అయ్యేది కాదు. నేనే వదిన గొంతుతో, నాకు తోచిన భాషలో, ఆమె పొద్దున చేసిన పనులన్నీ చెప్పేసేదాన్ని. గదంతా నవ్వేది. మేడమ్ మాత్రం నవ్వేది కాదు.

"నువ్ ఆగు," అంది ఒకరోజు, నా తల మీద చెయ్యి వేసి. "నువ్ ఆగితేనే ఆమె షురూ చేస్తది."

చింతపండు సంచీని మేము తలుపు వెనక దాచేవాళ్ళం. దాచితే దాగే వాసనా అది. బస్ కండక్టరు యాదగిరి, గాజుల దుకాణంలో పనిచేసే నస్రీన్, క్లాసులో అందరూ రోజూ ముక్కులెగరేసి చూసేవాళ్ళు. ఆఖరికి మేడమే లేచి వెళ్ళి సంచీ మూతి విప్పింది. ఒక చిన్న ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు రెండూ మూసుకుపోయాయి. ఇదేంది, ఎందుకు తెచ్చారని అడిగింది. ఇంటికి వెళ్ళేలోపు ఇదంతా గింజ తీయాలి మేడమ్, లేకపోతే రేపు రానివ్వరు అన్నాను. ఆమె సంచీ తెచ్చి మా ఇద్దరి పక్కన పెట్టి, అట్లయితే తీయండి, తీస్తూనే మాట్లాడండి అంది.

నేను చూడలేదు, నా వీపు వదిన వీపుకు ఆని ఉంది కనక విన్నాను. ఆమె చేతులు పండులోకి వెళ్ళాయి. గోరు దిగింది. గోడలాంటి వీపు మెల్లగా మనిషి వీపయింది. స్టీలు డబ్బా మూతలో గింజ టిక్కుమంది, ఆ వెనకే వదిన గొంతు వచ్చింది.

"ఐ... వేక్ అప్. వెన్ ద ట్రైన్ కమ్స్."

"అండ్ దెన్?" అన్నాను.

"దెన్... ఐ మేక్ టీ. ఫర్ ఎవ్రీబడీ."

తెలుగులో కూడా ఆమె మాకు అంత పొడుగు మాట ఎప్పుడూ చెప్పలేదు. చేతులు ఖాళీగా ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ళకు నోరు పెగలదని నాకు అప్పుడు అర్థమైంది. నాకు మాత్రం ఆ జబ్బు లేదు, ఎట్లా ఉన్నా పెగులుతుంది.

ఆ తర్వాత అసలు తమాషా మొదలైంది. మేము తీస్తుంటే చూస్తూ ఊరుకోలేక నస్రీన్ ఒక పిడికెడు తీసుకుంది, యాదగిరి ఇంకో పిడికెడు. వారం తిరిగేసరికి గది గదంతా వీపులు ఆనించుకుని, ఒళ్ళో కాగితాలు పరుచుకుని, చింతపండు విప్పుతూ ఇంగ్లీషు మాట్లాడుతోంది. కండక్టరు గింజ తీస్తూ ముందుకు జరగండి అని ఇంగ్లీషులో అరవడం సాధన చేసేవాడు. మేము ఇంటికి తెచ్చిన పండు చూసి నాయినమ్మ మురిసిపోయింది. ఇంగ్లీషు మస్తు మంచి చదువు, ఒక్క గింజ మిగలలేదు అని సందంతా చెప్పింది. మర్నాటికి సంచీ బరువు పెంచింది.

ఎవరం గమనించలేదు. ఒకరోజు మధ్యగదిలో బస్తాల వెనక దాక్కుందామని వెళ్తే దాక్కోడానికి చోటు లేదు, గోడ కనిపిస్తోంది. ఇంకా మామిడికాయలే పూర్తిగా రాలేదు, వానలు ఎక్కడో ఉన్నాయి, కొత్తపండు సగానికి పైగా అయిపోయింది. గది నిండా మనుషులు సాయం చేసి వదిన గడువును వలిచిపెట్టారు. వదినకు చూపించాను. ఆమె ఆ గోడ వంక చాలాసేపు చూసి, వెళ్ళి చాయ్ పెట్టింది. ఆ చాయ్‌లో చక్కెర వేయడం మర్చిపోయింది.

మర్నాడు మేడమ్‌కు సంగతి చెప్పాను. ఆమె రెండు వేళ్ళు చెవి మీద పెట్టుకుని అంతా విని, కాసేపు గడియారాల చప్పుళ్ళు కూడా విని, క్లాసుకు ఒక కొత్త రూలు పెట్టింది. "ఏక్ బాత్, ఏక్ గింజ." ఒక పూర్తి మాట చెప్పాకే ఒక గింజ తీయాలి. మాట సగంలో ఆగితే గింజ పండులోనే ఉండాలి. ఇంకొకరి సంచీ మీద చెయ్యి వేయకూడదు.

ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే నాకు అవి జరిగాయో, కలగన్నానో ఇప్పటికీ తేలదు. చారల ఎండ జంపఖానా మీద జరుగుతూ పోయేది. మూసీ వైపు నుంచి ఒక రకమైన తడి గాలి వచ్చేది. ఎక్కడో అజాన్, కింద గడియారాల లొల్లి, గది నిండా మెల్లటి ఇంగ్లీషు, ఒక్కో మాట చివర ఒక్కో గింజ టిక్కుమని. అర్థం కాని భాషను వీపుతో వినడం ఎప్పుడైనా చేశారా? మాట అర్థం కాదు, మనిషి అర్థమవుతుంది. ఊపిరి ఎక్కడ ఆగింది, గొంతు ఎక్కడ నవ్వడానికి సిద్ధమైంది, ఏ మాట దగ్గర గింజ ఆలస్యమైంది, అన్నీ తెలిసేవి. నాకు ఇంగ్లీషు రాదన్న ధైర్యంతో వదిన తెలుగులో ఎవరికీ చెప్పనివన్నీ నాకు చెప్పింది. లయన్, నైట్, స్మాల్ గర్ల్ అని వినపడింది ఒకరోజు. చిన్నప్పుడు బహదూర్‌పురాలో పడుకుంటే జూ నుంచి సింహం అరుపు వినిపించేదని, ఎవరూ నమ్మేవాళ్ళు కాదని తర్వాతెప్పుడో తెలిసింది. మదర్ అని ఒక మాట వచ్చాక చాలాసేపు గింజ పడలేదు. నేను అండ్ దెన్ అనబోయి ఆగాను. నేను ఆగడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆగితే, గింజ పడింది.

ఎంత ఆపినా పండు ఆగదు కదా. ఎండలు ముదిరేసరికి ఇంట్లో ఒకే బస్తా మిగిలింది. ఆకాశంలో మబ్బు జాడ లేదు. వదిన పొద్దున్నే లేచి మేడెక్కి ఆకాశం చూసేది, కిందికొచ్చి బస్తా చూసేది. నాయినమ్మ స్తంభానికి ఆనుకుని వదినను చూసేది. ఒక సాయంత్రం మేము తిరిగివచ్చేసరికి ఆ మూల కొత్తగా ఇంకో మూడు బస్తాలు నిలబడి ఉన్నాయి. నేను ఒక బస్తా మూతి విప్పి చూశాను. చింతపండు ఇంట్లో పుట్టిన దానికి ఆ రంగు తెలియదా? కొత్తపండు ఎర్రగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి నల్లబడుతుంది. ఇది నల్లగా ఉంది.

"నాయినమ్మా, ఇది పోయినేటి పండు గదా," అన్నాను. "గోదాంల పాత సరుకు."

గింజ బుగ్గ మారింది.

"కొత్తదని నేనంటున్న. నీ కండ్లు మంచిగ లెవ్వు."

వదిన తలొంచుకుని ఆ నల్లటి పండులో చెయ్యి పెట్టింది. నేను నా పీట లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ఆ ఏడు మా ఇంట్లో కొత్తపండు వానాకాలం దాకా ఉంది.

పరీక్ష రోజు వాన. తడిసిన బస్సు, తడిసిన చెప్పులు, చంకలో సంచీ. ఎక్కడికి పోయినా వంతు ఆగకూడదన్న షరతు ఇంకా నడుస్తోంది. ఆసుపత్రి ఇన్‌చార్జి వదినను ఎంక్వైరీ బల్ల వెనక కూర్చోబెట్టి, తాను వెళ్ళి లోపల తన గదిలో కూర్చున్నాడు. అక్కడి నుంచి ఎవరో రోగి బంధువులాగా ఫోను చేస్తాడు, ఈమె జవాబు చెప్పాలి. నేను ఎదురుగా వచ్చేపోయేవాళ్ళ బెంచీ మీద ఉన్నాను. ఫోను మోగింది. వదిన కుడి చేత్తో తీసింది. హలో అంది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ హాలు ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది. ఆమె ఎడమ చెయ్యి గాజు బల్ల మీద ఉంది. వేళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, వాటికేమీ దొరకడం లేదు. నేను లేచాను. సంచీలోంచి ఒక గుప్పెడు పండు తీసి ఆ చేతి ముందు పెట్టాను, పక్కన డబ్బా మూత పెట్టాను. వాచ్‌మన్ ఏదో అనబోతూ వచ్చాడు. నేను మూతి మీద వేలు పెట్టి అతన్ని ఊరుకోమన్నాను. ఇంకొకరిని నోరు మూసుకోమని నేను అన్న రోజు అది, గుర్తుపెట్టుకోండి.

గోరు దిగింది. "గుడ్ మార్నింగ్. హౌ కెన్ ఐ హెల్ప్ యూ?" అంది వదిన. టిక్.

అవతల ఏం అడిగాడో నాకు వినపడదు కదా, ఆమె మాటలే వినపడుతున్నాయి. ఒక్కో మాట, ఒక్కో గింజ. ఎక్కడా తొందర లేదు. నడుమ ఒకచోట అవతలి మనిషి కోపం తెచ్చుకున్నట్టు నటించాడనుకుంటాను, ఆమె ఆగి, పూర్తిగా విని, అప్పుడు చెప్పింది. ఫోను పెట్టేసరికి మూత నిండింది. ఇన్‌చార్జి బయటికొచ్చి, మెరిసే గాజు మీద గింజల కుప్పని, ఆమె నల్లటి వేళ్ళని చూసి, ఇదేంటని ఇంగ్లీషులో అడిగాడు. వదిన లేచి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, మొత్తం చెప్పింది. ఖాళీ చేతులతో. నాకు గ్రాండ్‌మదర్ అన్నదొక్కటే తెలిసింది. ఆయన చివరిదాకా విని, పెద్దగా నవ్వి, తడిగుడ్డ తెప్పించి, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు. చింతపండు లేకుండా రమ్మన్నాడు.

ఇంటికి వెళ్ళి చెబితే నాయినమ్మ గింజను బుగ్గ మార్చలేదు. అరచేతిలోకి ఊసేసింది.

"ఇగ ఆ బస్తాలు వాపస్ పంపుండ్రి," అంది. "పాతపండు ఎవలు విప్పుతరు."

ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆ బల్ల వెనక వదిన గొంతు పలికిందో. పాతబస్తీలో ఎవరింట్లో ఎవరు ఆసుపత్రిలో ఉన్నా ముందు వినపడేది ఆ గొంతే. దాని వెనక చిన్న టిక్ చప్పుడు కూడా వినపడేదని కొందరు నాతో అన్నారు. బల్ల సొరుగులో నాలుగు గింజలు పెట్టుకుని వేళ్ళ మధ్య తిప్పేదని నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు తప్ప. నాయినమ్మ పోయింది. ఖుర్షీద్ మేడమ్ పోయింది. ఆ గడియారాల దుకాణం చోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. అన్నీ ఒకే టైము చూపిస్తాయి. పిల్లలు చెవుల్లో తెల్ల గింజలు పెట్టుకుని ఫోనుతోనే ఇంగ్లీషు మాట్లాడి నేర్చుకుంటున్నారు. ఆ ఫోను విసుక్కోదట, ఎంతసేపైనా వింటుందట. మంచిదే. దానికి వీపు లేదు, అంతే తేడా. చింతపండు కూడా గింజ తీసి, ప్లాస్టిక్ సంచుల్లో, రాళ్ళలాగా వస్తోంది. చింతపండు వ్యాపారి కూతుర్ని, నేను కూడా అదే కొంటున్నాను.

అందుకే గింజ ఉన్న పండు కోసం అఫ్జల్‌గంజ్‌లో ఒక మధ్యాహ్నమంతా తిరగాల్సి వచ్చింది. దొరికింది. నల్లటిది, పాతపండు. కొత్తదని నేనంటున్నాను.

మళ్ళీ బహదూర్‌పురా వెళ్ళాను. బొమ్మల అమ్మాయి రాని రోజు చూసుకుని వెళ్ళాను, మళ్ళీ నన్ను తిడుతుందని భయం. అన్న చాయ్ ఇచ్చి మందుల దుకాణానికి పోయాడు. వదిన మంచం మీద కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె ఎడమ చేతి దగ్గర పండు పెట్టాను, స్టీలు మూత పెట్టాను, నా వంతు నా ఒళ్ళో పెట్టుకున్నాను. తర్వాత మంచానికి ఇటువైపు ఎక్కి, మోకాళ్ళు మూలుగుతుంటే, వీపుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఆమె వీపు సన్నబడింది. అయినా అదే వీపు.

చెప్పడం మొదలుపెట్టాను. రైలు కూతల నుంచి మొదలుపెట్టి, మీకు ఇప్పటిదాకా చెప్పినదంతా తెలుగులో ఆమెకు చెప్పాను. ఒక మాట, ఒక గింజ. కండక్టరు గొంతు పెట్టాను, మేడమ్ గొంతు పెట్టాను. నాయినమ్మ నల్లటి పండును కొత్తదన్న చోట వెనక వీపు చిన్నగా ఊగింది. నవ్వో, ఏడుపో, చూడకూడదని రూలు కదా, చూడలేదు. గింజను అరచేతిలోకి ఊసిన దగ్గరికి వచ్చేసరికి నువ్ ఆగు అన్న మేడమ్ మాట గుర్తొచ్చింది. ఆగిపోయాను.

ఆగడమంటే నాకు ఎంత కష్టమో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. కిటికీలోంచి సాయంత్రం ఎండ చారలుగా మంచం మీదికి వచ్చింది. కింద ఎవరో కూరగాయలు బేరమాడుతున్నారు. జూ వైపు నుంచి ఏదో జంతువు పొడుగ్గా అరిచింది, సింహమే అనుకుంటాను, నమ్మేవాళ్ళు నమ్మండి. చెప్పేద్దామని ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఎండ నా మోకాలు దాటింది.

వెనక ఎక్కడో, చాలా నెమ్మదిగా, గోరు పండులో దిగిన చప్పుడు. మూతలో ఒక గింజ పడింది. అది నాది కాదు.

"అండ్..." అంది మా వదిన. గొంతు బావిలోంచి చేదినట్టు వచ్చింది. ఊపిరి తీసుకోవడం నా వీపుకు తెలిసింది. "...దెన్?"

గింజ ముందు, మాట తర్వాత. ఖుర్షీద్ మేడమ్ ఉంటే రూలు తప్పిందనేది. నేను ఒళ్ళో ఉన్న పండులోంచి ఇంకొకటి తీసుకుని, తర్వాత ఏమైందో చెప్పడం మొదలుపెట్టాను.